నాలుగు ఓములని రాసి ఉన్న అయస్కాంతం

పాట నల్లని నాడాగా చుట్టుకొని చిన్న డబ్బీలో ఇరుకుగా కాపురమున్న రోజులలో పుట్టి, అది మెరిసే బిళ్ళమీదికి ఎక్కడం చూచి, ఆ బిళ్ళ కూడా పాతబడి చివరకు పాట ఏ వస్తువునూ ఆశ్రయించకుండా గాలిలోంచి నేరుగా కారులోకి దిగడం నేర్చుకొనే నాటికి నలభై ఎనిమిదేళ్ళవాడై, ఇంతలో తండ్రి పెట్టిన వాతను కుడి ముంజేతిమీద, అన్న కొట్టిన దెబ్బను ఎడమ చెవిలో శాశ్వతంగా మోస్తూ, మోగే ప్రతి స్పీకరుకూ దానిని మోగించే బలాన్ని సరిగ్గా తూచి జతచేయడమే జీవితవ్రతంగా పెట్టుకొన్న మనిషి ఒకడున్నాడు. వీధిలో అందరూ అతణ్ణి మీటరు అంటారు.

అతని దుకాణం కార్ల మరమ్మతు వీధిలో, టైర్లు మార్చే షెడ్డుకూ సీట్ల కవర్లు కుట్టే గదికీ నడుమ ఉంది. వెడల్పు ఒక్క షట్టరు. కారు ముక్కు లోపల, తోక వీధిలో ఉండేటట్లు నిలిపితే గాని పని సాగదు. లోపలి గోడ పొడవునా చెక్కబల్ల. బల్ల చివర, ఇనుపముక్కలను రెండు దవడల మధ్య బిగించి పట్టే పాతకాలపు వైసు. తిప్పితిప్పి దాని పిడి అద్దంలా నున్నబడింది. గోడకు కొట్టిన మేకుకు, అతనికి ఆ పేరు తెచ్చిన కొలిచే మీటరు వేలాడుతుంటుంది, ఎర్రతీగ ఒకటి, నల్లతీగ ఒకటి కిందికి జారి. బల్లమీద రాగితీగ చుట్టలు, జిగురు సీసాలు, మూత సరిగా పట్టని తెల్లరంగు డబ్బా, అందులో సగం వెంట్రుకలు రాలిన సన్నని కుంచె.

ఎడమ చెవి పనిచెయ్యదు గనుక అతడు చెవిని సాక్షిగా ఒప్పుకోడు. మీటరు చూపిన అంకెను నమ్ముతాడు. ఆ తరువాత తన అరచేతిని నమ్ముతాడు. పని పూర్తయిన కారులో వెనుక సీటుమీద కూర్చొని, లోతైన మోత పలికే సబ్‌వూఫరు పెట్టెపై అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకొని, ఒక పాట మొదలునుంచి తుదివరకు చేతితో వింటాడు. అది కాకుండా తాళం చెవులు ఇచ్చిన కారు లేదు.

"మూడు వేల వాట్లని అట్టపెట్టె మీద ఇంతెత్తున రాసుందన్నా," అని ఎవరైనా అంటే,

"అది గొంతు చించుకొని ఒక్క కేక వేస్తే వచ్చే లెక్క. పొద్దస్తమానం మాట్లాడాలంటే ఎంత మాట్లాడగలదో లోపలి కాగితంలో చిన్నక్షరాల్లో ఉంటుంది. అది చదువు," అనేవాడు.

"పోనీ, చిన్న యాంప్లిఫయరే పెట్టు. స్పీకరుకు భద్రం కదా."

"చిన్నది పెడతావు. చాలలేదని మరను చివరిదాకా తిప్పుతావు. అప్పుడది అలను తలా తోకా నరికి పంపిస్తుంది. నరికిన అల తిని కాయిలు కాలి చస్తుంది. పెద్దదాని చేతిలో చచ్చిన స్పీకర్ల కన్నా చిన్నదాని చేతిలో చచ్చినవే నేను ఎక్కువ చూశాను."

పక్కగదిలో కుట్టుమిషను తొక్కుతున్న కవర్ల మామ తల ఎత్తకుండానే అందుకొనేవాడు. "మా ఇంట్లోనూ అంతే నాయనా. పెద్దగొంతు నాది. చంపేది ఆవిడ చిన్నగొంతు."

స్పీకరు గర్భంలో రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. దానినే వీరు కాయిలు అంటారు. విద్యుత్తుకు అది చూపే అడ్డును ఓములలో కొలుస్తారు. అడ్డు ఎక్కువైతే యాంప్లిఫయరు కొద్దిగానే పొయ్యగలదు. అడ్డు తగ్గితే కట్ట తెగినట్లు పోస్తుంది, పోసి పోసి తానే దగ్ధమౌతుంది. రెండు ఓముల వరకే ఓర్చగల యాంప్లిఫయరుకు ఒక్క ఓము తగిలించడం ప్రాణిని చితికి కట్టివేయడంతో సమానం. పెద్ద సబ్‌వూఫర్లకు రెండేసి చుట్టలుంటాయి. వాటిని పక్కపక్కన కలిపితే అడ్డు సగమౌతుంది; ఒకదాని వెనుక ఒకటి కలిపితే రెట్టింపవుతుంది. ఈ రెండు వాక్యాలే ఆ విద్యకు మూలసూత్రాలు. తక్కినదంతా వ్యాఖ్యానం.

కాలిపోయిన స్పీకర్లకు కొత్త కాయిళ్ళు చుట్టడంలో మీటరును మించినవాడు ఆ వీధిలో లేడు. చుట్టిన ప్రతిదానికీ ఒక నియమం పాటించేవాడు. వెనుకనున్న అయస్కాంతంమీద కర్మాగారం అచ్చువేసిన అంకె ఏదైనా సరే, తాను కొలిచిన అంకెను తెల్లరంగుతో దానిపక్కన రాసేవాడు. రంగు ఆరేదాకా వస్తువును గడప దాటనిచ్చేవాడు కాదు. ఇరవై ఏళ్ళలో ఆ నియమం ఒక్కసారే తప్పింది. ఈ కథ ఆ ఒక్కసారిదే.

అన్నదమ్ములిద్దరికీ ఈ విద్య నేర్పినవాడు తండ్రి. రేడియోలు బాగుచేసేవాడు. ఆయన బోధనాపద్ధతి ఒక్కటే: తప్పు తీగను కలిపిన చేతిమీద, సీసం కరిగించే కడ్డీని ఎర్రగా కాల్చి తాకించడం. "చెవికి చెబితే మరిచిపోతారు, చర్మానికి చెబితే గుర్తుంటుంది," అనేవాడు. మీటరుకు తొమ్మిదేళ్ళప్పుడు పడిన వాత ముంజేతిమీద చిటికెనవేలంత పొడవున ఇప్పటికీ మెరుస్తుంది. నాలుగేళ్ళు పెద్దవాడైన అన్నకు వాతలు ఏడు. వాతల సంఖ్యను బట్టే ఆ పిల్లలు వేరువేరు మనుషులైనారేమో. తమ్ముడు, తప్పు జరగకూడదని మీటరును పట్టుకొన్నాడు. అన్న, తప్పు చూపించినవాణ్ణి కొట్టడం నేర్చుకొన్నాడు. అతని చెయ్యి పడితే ఆకాశం విరిగినట్లుండేది గనుక వీధి అతనికి పిడుగు అని పేరు పెట్టింది.

మీటరుకు పందొమ్మిదేళ్ళు నిండిన ఏడు, ఒక కారు యజమాని ఎదుట, "అన్నా, అది తిరగేసి కలిపావు," అన్నాడు. పిడుగు చెంప మీద కొట్టాడు. చెవిపొర చిట్లింది. చొక్కా మెడపట్టీ ఎర్రగా తడిసేదాకా తమ్ముడు నిలబడే ఉన్నాడు. తరువాత బల్లకిందికి జారిపోయాడు. తండ్రి చూచి, "కలపడం తిరగేసే ఉంది," అని మాత్రం అన్నాడు. ఎవరిని ఓదార్చడానికి అన్నాడో ఎవరికీ తెలియలేదు.

తండ్రి పోయినప్పుడు పనిముట్లు పంచుకొన్నారు. వైసూ మీటరూ తమ్ముడికి వచ్చాయి. పిడుగు వీధికి ఆవలివైపున, సరిగ్గా ఎదురుగా రెండు షట్టర్ల దుకాణం పెట్టాడు. "నాకు మీటరెందుకు? అచ్చు వేసినవాడు గుడ్డివాడా?" అనేవాడు. అయస్కాంతంమీది అంకె చూచి కలిపేవాడు. కలపడంలో చెయ్యి మాత్రం శుభ్రం. అతికిన చోట గోరు తగిలితే అడ్డు తెలియదు. ఆ అన్నదమ్ముల మధ్య ఇరవై అడుగుల వీధి ఉంది. పదేళ్ళకొకసారి దెబ్బలాటకు తప్ప దానిని ఎవరూ దాటలేదు.

చలికాలంలో ఒకనాడు పిడుగు దాటి వచ్చాడు. మీటరు ఎవరితోనో, "మా వాడికి అంకెలు చదవడం వచ్చు, కొలవడం రాదు," అన్నాడట. అలా అన్నది నిజమే. ఆ సమయానికి మీటరు బల్లమీద ఒక సబ్‌వూఫరు బోర్లా పడి ఉంది. రెండు చుట్టలది. అయస్కాంతంమీద నాలుగు ఓములని అచ్చు. దానికి సరిపడే తీగ దొరకక, యజమాని ఒప్పుకోలుతో, రెండు ఓముల చుట్టలు రెండు పెట్టాడు. అంకె రాయడానికి కుంచె తీశాడు.

"కొలవడం రాదా నాకు?" అన్నాడు పిడుగు, గడపలోనే.

"రాదు. వస్తే కొలిచేవాడివి."

మొదటి గుద్దు పొట్టలో పడింది. రెండోది ముక్కుమీద. పిడుగు తమ్ముడి జుట్టు పట్టి బల్లకేసి మోదాడు. తమ్ముడు రాగితీగ చుట్టతో అన్న దవడమీద కొట్టాడు. పిడుగు కాలు ఎగిరింది, రంగు డబ్బా బల్లమీదినుంచి లేచి గోడకు తగిలి, పాలకుండ పగిలినట్లు నేలంతా తెల్లబడింది. ఆ తెలుపులో ఇద్దరూ జారిపడి, లేచి, మళ్ళీ కొట్టుకొన్నారు. కవర్ల మామ వచ్చి ఇద్దరిమీదా బకెట్టుడు నీళ్ళు కుమ్మరించి, "మీ నాన్న వాతలు పెట్టాడు గాని, పెట్టాల్సిన చోట పెట్టలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం సబ్‌వూఫరు యజమాని వచ్చి తన వస్తువు తీసుకొనిపోయాడు. మీటరు ముక్కులో దూది కుక్కుకొని ఇచ్చాడు. రంగు లేదు. మరునాడు కొత్త డబ్బా వచ్చింది గాని, అప్పటికి అంకె లేని ఆ అయస్కాంతం లోకంలోకి వెళ్ళిపోయింది. చేతులు మారింది. మారి మారి, వేసవి వచ్చేసరికి పిడుగు దుకాణం చేరింది.

నాలుగు క్రేన్ల యజమాని ఒకాయన ఉన్నాడు. ఎత్తైన భవనాలకు ఇనుపదూలాలు లేపే క్రేన్లు. ఆయనను క్రేనాయన అంటారు. తన కారు దూరంనుంచే గుండెలు అదరగొట్టాలన్నది ఆయన కోరిక. పిడుగు ఆ సబ్‌వూఫరును పెట్టి, అయస్కాంతం చూచి, రెండు చుట్టలనూ పక్కపక్కన కలిపి, రెండు ఓముల వరకు ఓర్చే యాంప్లిఫయరును వెనుకసీటు కింద బిగించాడు. అచ్చుప్రకారం అది నిర్దుష్టం.

పది రోజులు మోగింది. పదకొండోనాడు మిట్టమధ్యాహ్నం, పెద్ద రోడ్డుమీద, వెనుకసీటులో క్రేనాయన కూతురు నిద్రపోతుండగా యాంప్లిఫయరు కాలి సీటు స్పాంజి అంటుకొంది. తలుపు తెరిచి లాగేలోపల ఆ పన్నెండేళ్ళ పిల్ల కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది.

మూడోరోజున క్రేనాయన వచ్చాడు. కాలిన కారును క్రేను కొక్కేనికి వేలాడదీసి వీధంతా ఊరేగించి తెచ్చి, పిడుగు దుకాణం ముందు నిలువెత్తునుంచి వదిలేశాడు. అద్దాలు పేలాయి. టైర్ల షెడ్డువాళ్ళు పారిపోయారు. క్రేనాయన వెంట ఇద్దరు మనుషులున్నారు. చేతుల్లో టైర్లు విప్పే ఇనుపకడ్డీలు. వారు పిడుగును కాలరు పట్టి ఈడ్చుకొనివచ్చి రోడ్డుమీద వేసి కొట్టారు. పిడుగు జీవితంలో మొదటిసారి తిరిగి కొట్టడానికి వీలులేక పడి ఉన్నాడు. ఒకడు వీపుమీద మోకాలు పెట్టాడు.

"సరిగ్గానే కలిపాను," అన్నాడు నోట్లోని రక్తం ఊసి. "అంకె చూసే కలిపాను."

"సరిగ్గా కలిపితే నా కూతురు చెయ్యెందుకు కాలింది?" క్రేనాయన గొంతు పెద్దది కాదు. "నాకు డబ్బొద్దు. ఏ చెయ్యి తప్పు చేసిందో ఆ చెయ్యి కావాలి. ఎవరు చెబుతారు ఇక్కడ, తప్పెక్కడుందో?"

వీధి ఎదురుదుకాణం వైపు చూచింది.

పిడుగు నవ్వాడు. పళ్ళమధ్య ఎరుపు. "వాడా? వాడు నామీద సాక్ష్యం చెప్పడానికి ఇరవై ఏళ్ళుగా కాచుక్కూర్చున్నాడు. ఇంకేం, తీసుకుపొండి."

కాలిన కారులోంచి సబ్‌వూఫరు పెట్టెను ఊడబెరికి, పిడుగును దానితోపాటే ఈడ్చుకొచ్చి, మీటరు బల్లముందు పడేశారు. వెనుకనే పిడుగు భార్య పరుగెత్తుకొనివచ్చింది. చెప్పులు లేవు; గాజుపెంకుల మీదుగా వచ్చింది. మరిది చెవి పనిచేసే వైపుకు చేరి, ఊపిరి అందకుండా అంది:

"అబద్ధం చెప్పమని అడగను మరిదీ. అడిగినా నువ్వు చెప్పవు. కాస్త నెమ్మదిగా కొలువు. మా చెల్లెలు ఠాణాకు పరుగెత్తింది."

ఆమె చెల్లెలన్నది మీటరు భార్యను. మగవాళ్ళు దాటని వీధిని ఆ తోడికోడళ్ళిద్దరూ రోజుకు నాలుగుసార్లు దాటేవారు.

మీటరు మేకునుంచి మీటరు తీశాడు. ముందు రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనించి, తీగలలోనే ఎంత అడ్డుందో చూచుకొన్నాడు. తరువాత పెట్టె వెనుకనున్న మరలకు ఆనించాడు. అంకె నిలబడేదాకా ఆగాడు.

"ఎంత?" అన్నాడు క్రేనాయన.

"సున్నా పాయింటు తొమ్మిది ఓములు."

"ఎంతుండాలి?"

"రెండుకు కాస్త తక్కువ."

"అంటే?"

"ఈ భారానికి ఆ యాంప్లిఫయరు కాలక తప్పదు."

క్రేనాయన తల ఆడించాడు. మనుషులిద్దరూ పిడుగును లేపి, అతని కుడిచేతిని వైసు దవడల మధ్యకు తోశారు. పిడుగు మోకాలితో ఒకడి పొట్టలో తన్నాడు. రెండోవాడి కడ్డీ అతని భుజంమీద పడింది. ఎముక పలికింది. వదిన గోడకు ఆనుకొని నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. తండ్రి రేడియో చట్రాలను బిగించిన ఆ ఇనుపనోరు అప్పుడు యూపస్తంభంలా, తనవద్దకు తెచ్చిన బలి ఎవరిదో అడగనిదిగా నిలిచి ఉంది.

"ఆగండి," అన్నాడు మీటరు. "కొలవడం పూర్తి కాలేదు."

"అంకె చెప్పావుగా?"

"అంకె చెప్పాను. ఎందుకొచ్చిందో చెప్పలేదు."

పెట్టెకు ఎనిమిది మరలు. ఒక్కొక్కదాన్ని విప్పి, వదిన అడిగినంత నెమ్మదిగా, వరుసలో పేర్చాడు. స్పీకరును బయటికి లాగి బోర్లించాడు. మసి తుడిచాడు. నాలుగు ఓములని అచ్చు. అన్న అతుకులు చూచాడు. నాలుగే ఉండి ఉంటే, శుభ్రమైన పని. తీగలు విడదీసి చుట్టలను విడివిడిగా కొలిచాడు. ఒకటి ఒకటిన్నరకు మించి, రెండుకు లోపు. రెండోదీ అంతే. ఇవి నాలుగు ఓముల చుట్టలు కావు.

అప్పుడు కాగితపుకోను దగ్గర, సన్నతీగను కట్టిన నూలుదారం కనబడింది. మూడు ముళ్ళు. తండ్రి రెండు ముళ్ళు వేసేవాడు, పిడుగూ రెండే. మూడోముడి వేసేవాడు లోకంలో ఒక్కడే.

మీటరు తల ఎత్తాడు. పిడుగు చూపు కూడా ఆ దారంమీదనే ఉంది. అతనికి తెలిసిపోయింది. ఒక్కమాట అంటే చాలు, వైసులోంచి చెయ్యి బయటపడుతుంది. పుట్టినప్పటినుంచీ మూతపడని ఆ నోరు ఆ ఒక్కమాట అనలేదు. అతడు తల దించుకొని నేలమీద ఒకచోటికి చూశాడు. గచ్చు పగుళ్ళలో చలికాలంనాటి తెల్లరంగు ఇంకా గట్టిగా పట్టుకొని ఉంది.

ఏమీ అనకుండా ఉండడం మీటరుకూ అంతే సులువు. అంకె చెప్పాడు, అందులో అబద్ధం లేదు. చెవి పోయిననాటినుంచి తీరని బాకీ ఆ పిడి ఒక్క మలుపులో తీరిపోతుంది. అతని అరచెయ్యి అయస్కాంతంమీద ఆనే ఉంది. అది చల్లగా ఉంది. ఏ పాటా లేదు.

"ఈ స్పీకరు చుట్టింది నేను," అన్నాడు. "నాలుగు తీగ దొరక్క రెండుతో చుట్టాను. అలా చుట్టినప్పుడు వెనక అంకె మార్చి రాయాలి. రాయలేదు. మా అన్న అచ్చును నమ్మాడు. అచ్చుప్రకారం ఆయన కలిపింది సరైనదే."

మా అన్న అనే మాట ఆ వీధి ఇరవై ఏళ్ళ తరువాత విన్నది.

క్రేనాయన వైసువైపు చూపించాడు. "అయితే నీ చెయ్యి," అన్నాడు. పిడుగును పక్కకు లాగేశారు. "పనిచేసే చెయ్యి ఏది?"

"కుడి."

"ఎడమ అంటే నమ్మేవాణ్ణి."

"నమ్మేవారు. తెలుసు."

మీటరు చొక్కాచేతిని మోచేతివరకు మడిచాడు. పాతవాత బయటపడింది. చేతిని తానే దవడల మధ్య పెట్టాడు. చిటికెనవేలు, ఉంగరపువేలు లోపలికి, తక్కినవి పైకి. పిడిని క్రేనాయన స్వయంగా పట్టుకొన్నాడు. మొదటి మలుపుకు ఇనుము చర్మాన్ని తాకింది. రెండో మలుపుకు గోళ్ళు తెల్లబడ్డాయి. మూడో మలుపుకు గోళ్ళకింద ఎరుపు పొంగి దవడల పళ్ళలోకి పాకింది. మీటరు నోటినుంచి వచ్చినది కేక కాదు. చాలా కింది స్థాయిలో, సబ్‌వూఫరు పలికేటట్టి ఒక గుంభనమైన మూలుగు.

పిడుగు గింజుకొన్నాడు. విరిగిన భుజం వేలాడుతుండగా ఒకడి మణికట్టు కొరికి, వాడి కడ్డీ లాక్కొని, రెండోవాడి మోకాలిచిప్పమీద కొట్టాడు. వాడు కుప్పకూలాడు. మొదటివాడు వెనుకనుంచి తలమీద గుద్దితే పిడుగు బల్లమీద పడి, పాకుతూ వచ్చి, తన చేతిని కూడా తమ్ముడి చేతిపక్కన ఆ ఇనుపనోటిమీద ఆనించాడు.

"దీన్నీ తిప్పు," అన్నాడు. నెత్తురు కళ్ళలోకి కారుతోంది. "వాడు రాయబోయాడు. కుంచె చేతిలో ఉంది. రంగు డబ్బా తన్నింది నేను. కొలవకుండా కలిపింది నేను. సగం నాది. తిప్పు."

క్రేనాయన చేతులు అప్పటికే తిప్పుతున్నాయి. ఆ మలుపులో తమ్ముడి వేళ్ళు రెండూ విరిగాయి. ఎండుపుల్ల విరిగినట్లు, చిన్నగా, స్పష్టంగా, ఒకదాని తరువాత ఒకటి. దూరంనుంచే గుండెలదిరే మోత కోరుకొన్న ఆయన ఆ చిన్న చప్పుడుకు పిడి వదిలేశాడు.



క్రేనాయన తన రెండు చేతులూ చూచుకొన్నాడు. తరువాత, అడగవలసిన వైద్యుణ్ణి ఎదుట పెట్టుకొన్నవాడిలా, మీటరు ముంజేతిమీది వాతను చూస్తూ అడిగాడు. "కాలిన నొప్పి ఎన్నాళ్ళుంటుంది? పిల్ల అడుగుతోంది. నాకు తెలియదు."

మీటరు పళ్ళు బిగించి, గాలి పీల్చుకొని, చెప్పాడు. "మొదటి నాలుగు రోజులు చెప్పుకోలేం. తర్వాత తగ్గుతుంది. పదో రోజుకు దురద మొదలవుతుంది. దురద వస్తే మంచిదని చెప్పండి. గోక్కోనివ్వొద్దు."

క్రేనాయన వైసును తానే వదులుచేశాడు. బయటికి నడిచి కాలిన కారు పక్కన, గాజుపెంకుల మీదనే కూలబడ్డాడు. మీటరు భార్య ఇద్దరు పోలీసులతో వచ్చేసరికి అలాగే ఉన్నాడు. ఏదీ కాదనలేదు. చేతులు చాచాడు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆమె లోపలికి వచ్చి భర్త చెయ్యి చూచింది. బావగారి తల చూచింది. కొంగు చించి ఇద్దరికీ చెరిసగం కట్టింది.

"పది నిమిషాలు. పది నిమిషాలు ఆపలేకపోయావా?"

"ఎనిమిది మరలే ఉన్నాయి పెట్టెకు," అన్నాడు మీటరు.

ఉంగరపువేలు సగం వంగుతుంది, చిటికెనవేలు వంగదు. మీటరు మొనలను రెండు చేతులతో పట్టి నిలపడం అతనికి కష్టమైంది. కట్లు విప్పిన వారానికి, ఒక ఉదయం పిడుగు వీధి దాటి వచ్చాడు. భుజం ఇంకా పట్టీలో ఉంది. మేకునుంచి మీటరు తీశాడు.

"ఎర్రది ఎక్కడ పెట్టాలిరా?"

"యాభై రెండేళ్ళకు అడుగుతున్నావు."

"చెబుతావా, రెండో చెవి కూడా పోగొట్టుకుంటావా?"

"ఎటు పెట్టినా ఒకటే. ఓములకు ఎరుపూ నలుపూ లేదు. గట్టిగా ఆనించు. వణక్కు."

"నేనా వణికేది?"

"అంకె వణుకుతోంది. అంకె అబద్ధం చెబుతుందా?"

అన్న తిట్టాడు. అంకె నిలబడింది. తమ్ముడు చదివాడు. రంగు డబ్బా మూతను కవర్ల మామ తీసి ఇచ్చి, "దీన్ని మాత్రం నేను పట్టుకుంటాను, మీ కాళ్ళకు అందని ఎత్తులో," అన్నాడు. అంకెను పిడుగే రాశాడు. వంకరగా, బారెడు అంకె. అయస్కాంతం సగం దానికే సరిపోయింది. ఆనాటినుంచి ఆ దుకాణం దాటిన స్పీకర్లన్నిటి వెనుకా ఆ వంకర అంకెలే. వాళ్ళిద్దరూ ఇప్పటికీ రోజుకొకసారి కొట్టుకోబోతారు. కొట్టుకోవడానికి మీటరును కింద పెట్టాలి. ఇద్దరూ చెరొక కొస పట్టుకొని ఉంటారు గనుక ఎవరు ముందు వదలాలో తేలదు.

వానలు మొదలైనాక, బాగుచేసిన ఆ కారే ఒకనాడు వచ్చి నిలిచింది. జామీనుమీద బయట ఉన్న క్రేనాయన స్టీరింగు ముందునుంచి దిగలేదు, తల తిప్పలేదు. పిల్ల దిగింది. పొడుగు చేతుల గౌను వేసుకొంది. తలుపుల్లో చిన్న స్పీకర్లు రెండు చాలంది. పెట్టె వద్దంది.

మీటరు వాటికి తగిన చిన్న యాంప్లిఫయరును తూచి జతచేశాడు. అన్న మొనలు పట్టాడు. వెనుకసీటులో కూర్చొని, ఆనించడానికి పెట్టె లేక, మీటరు తలుపుమీద అరచెయ్యి పెట్టి, మూడు వేళ్ళతో పాట మొత్తం విన్నాడు. "దురద తగ్గిందా?" అని అడిగాడు. పిల్ల తల ఊపింది. అతడు తాళం చెవులు ఆమె చేతికే ఇచ్చాడు.

ఆ మూడు వేళ్ళకు పదివేళ్ళ బలం కలుగుగాక. మిగిలిన ఆ ఒక్క చెవిలో ఇంటివాళ్ళ నవ్వు ఎన్నటికీ ఎడతెగకుండు గాక. వాతలతో పెరిగిన ఆ చేతులు ఏ బిడ్డమీదా వాత కాకుండు గాక. ఆ తోడికోడళ్ళు దాటే వీధి వారి పాదాలకింద ఏ గాజుపెంకూ లేక మెత్తగా ఉండు గాక. ఆ ఇంట దీపమూ, కొలిచిన మాటా, రాసిన అంకే చిరకాలం నిలుచుగాక. అన్నదమ్ములిద్దరినీ, వారివారినీ, కాలిన చెయ్యి మాని ఎదుగుతున్న ఆ పసిదానినీ నాదమూర్తియైన పరమేశ్వరుడు తన అరచేతిలో పెట్టుకొని చల్లగా కాపాడుగాక.